చలిని తట్టుకునే అరుదైన పండ్ల చెట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

శీతాకాలంలో నేల గడ్డకట్టే చోట కూడా సీతాఫలం జాతి పండు, తేనెలా జారే పర్సిమన్, గోడవారన పండిన అంజూర చెట్టు మీంచి కోసుకుని తినొచ్చు. మొక్క కొనేముందు చాలామంది అడిగేది ఒక్కటే: మైనస్ ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుంది? నన్నడిగితే అది మూడో ప్రశ్న. ఆ చలి ఏ నెలలో వస్తుందన్నది మొదటిది, కాయ పండేంత వేసవి ఉందా అన్నది రెండోది. కింది జవాబులన్నీ ఈ వరసలో ఆలోచించి రాసినవి.

మామిడి, బొప్పాయి, కొబ్బరి కూడా అలవాటు చేస్తే పెరుగుతాయా?

పెరగవు. లేత మామిడి సున్నా కింద ఒకటి రెండు డిగ్రీలకే మాడిపోతుంది, బొప్పాయి అంతకన్నా సుకుమారం. "మెల్లగా అలవాటు చేస్తే చలికి గట్టిపడుతుంది" అనే మాట వీటికి చెల్లదు, ఎందుకంటే చలికాలం వస్తోందని గుర్తించి నిద్రలోకి జారుకునే ఏర్పాటే వీటిలో లేదు. వేడి గ్రీన్‌హౌస్ ఉంటే అది వేరే సంగతి.

మరి ఏవి పెరుగుతాయి?

ఉష్ణమండల చెట్లకు చలి ప్రాంతాల్లో దగ్గరి చుట్టాలున్నాయి. వెతకాల్సింది వాటిని. సీతాఫలం కుటుంబంలో పాపా ఉంది. ఇది ఉత్తర అమెరికా తూర్పు భాగపు అడవి చెట్టు, నిద్రావస్థలో మైనస్ 25 డిగ్రీల చలికీ చావదు. రేగుకు చైనా రేగు, అంటే జుజుబి. అదీ ఇంచుమించు అంత చలినీ ఓర్చుకుంటుంది. తునికి చెట్టు ఉన్న డయోస్పైరోస్ ప్రజాతిలోవే పర్సిమన్లు. వాటిలో అమెరికా రకం మైనస్ 25 దాటినా నిలుస్తుంది, ఆసియా రకం మైనస్ 15 దగ్గర ఆగిపోతుంది. జామ కుటుంబం నుంచి ఫీజోవా వస్తుంది. దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వే దాని పుట్టిల్లు, మైనస్ 10 వరకు ఫరవాలేదు. అంజూర, దానిమ్మ కూడా దాదాపు ఈ తరగతివే, మైనస్ 10, 12 దగ్గర కొమ్మలు ఎండడం మొదలవుతుంది.

పాపా మొక్క కొనేటప్పుడు లేబుల్ మీద అసిమినా ట్రైలోబా అని ఉందో లేదో చూసుకోండి. కొన్ని దేశాల్లో బొప్పాయిని కూడా పాపా అన్న పేరుతోనే అమ్ముతారు.

లేబుల్ మీద "మైనస్ 12 వరకు తట్టుకుంటుంది" అని రాసి ఉంది. నమ్మొచ్చా?

నమ్మొచ్చు, కానీ ఆ అంకె వెనక ఎవరూ అచ్చు వేయని షరతులు చాలా ఉన్నాయి. చెట్టు ముదిరి ఉండాలి. ఆకు రాల్చి పూర్తిగా నిద్రలో ఉండాలి. చలి మెల్లమెల్లగా దిగి ఉండాలి. వేర్ల దగ్గర నీరు నిలిచి ఉండకూడదు. ఈ నాలుగూ కుదిరితేనే ఆ మైనస్ 12.

పగలు కురచ కావడం, రాత్రులు చల్లబడడం, ఈ రెండూ చూసుకుని చెట్టు శరత్తులో సిద్ధమవుతుంది. కణాల్లోంచి నీటిని బయటికి పంపుతుంది, లోపల చక్కెరలు పెంచుకుంటుంది, లేత పచ్చకొమ్మ గట్టిపడి గోధుమరంగుకు తిరుగుతుంది. దీనికి కొన్ని వారాలు పడుతుంది. ఇంకా ఆకులతో, పచ్చిగా ఉన్న చెట్టు మీద ఒక్కసారిగా మైనస్ 6 పడితే జరిగే నష్టం నడి శీతాకాలంలో మైనస్ 12కు కూడా జరగకపోవచ్చు. వసంతంలో కూడా అంతే. మొగ్గ ఉబ్బిందంటే చెట్టు తన కవచం తీసి పక్కన పెట్టేసినట్టే, ఆ తర్వాత మైనస్ 2, 3 చాలు పూత పోవడానికి.

అందుకే నిలకడగా చల్లగా ఉండే చోటు కన్నా, రెండు వారాలు వేడెక్కి మళ్లీ గడ్డకట్టే చోటు ఈ చెట్లకు ఎక్కువ ప్రమాదం. చలి తీవ్రత చూపే మ్యాప్‌లో రెండూ ఒకే రంగులో కనిపించినా సరే.

జోన్ నంబర్ అంటారు కదా, అదేమిటి?

అమెరికా వ్యవసాయ శాఖ 1960లో మొదలుపెట్టిన మ్యాప్ నుంచి వచ్చిన లెక్క అది. ఒక చోట ఏడాదిలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతను తీసుకుని, అలా చాలా ఏళ్లవి కలిపి సగటు కడతారు. 2023లో వచ్చిన మ్యాప్‌కు 1991 నుంచి 2020 వరకు ఉన్న వివరాలు ఆధారం. మొత్తం 13 జోన్లు, ఒక్కోదానికి 5.6 డిగ్రీల తేడా. జోన్ 7 అంటే మైనస్ 17.8 నుంచి మైనస్ 12.2 వరకు. జోన్ 8 అంటే అక్కడి నుంచి మైనస్ 6.7 వరకు.

ఇది సగటు అన్న సంగతి మర్చిపోకండి. సగటు మైనస్ 10 అంటే కొన్నేళ్లు మైనస్ 15 కూడా పడే ఉంటుంది, చెట్టు బతకాల్సింది ఆ ఏళ్లనే. పైగా జోన్ నంబర్‌కు వేసవి గురించి ఏమీ తెలియదు. లండన్ జోన్ 9లోకి వస్తుంది, కాన్సాస్ రాష్ట్రంలో చాలా భాగం జోన్ 6. నంబర్ చూస్తే జుజుబి లండన్‌లో విరగకాయాలి. నిజానికి కాన్సాస్ మండుటెండలో పండే జుజుబి లండన్ చల్లని వేసవిలో పచ్చిగానే ఉండిపోతుంది. సముద్రం దగ్గరి ప్రాంతాల్లో శీతాకాలం మెత్తగా, వేసవి చప్పగా ఉంటుంది. ఖండం మధ్యలో రెండూ ఘాటే. మీది ఈ రెండింటిలో ఏదో తేల్చుకున్నాకే మొక్కల జాబితా తెరవండి.

చెట్టు ఏపుగా ఉంది, ఏళ్లు గడిచినా కాయ లేదు. ఎందుకు?

లోక్వాట్ (ఏడాది పొడుగునా ఆకులుండే పండ్ల చెట్టు) పెంచేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. లోక్వాట్ చెట్టు మైనస్ 12 వరకు ఆకు వాడకుండా నిలబడుతుంది. చిక్కేమిటంటే అది పూసేది శరత్తు చివర, పిందె మోసేది శీతాకాలమంతా. పూత మైనస్ 7 దగ్గర, లేత పిందె మైనస్ 3, 4 దగ్గర చచ్చిపోతాయి. పిందెను అడ్డంగా కోసి చూస్తే తెలుస్తుంది: బతికుంటే లోపలి గింజ తెల్లగా ఉంటుంది, చలి తగిలితే గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. పైకి మాత్రం పిందె కొన్నాళ్లు పచ్చగానే వేలాడుతుంది. మీ దగ్గర ఏటా మైనస్ 5 పడుతుంటే లోక్వాట్‌ను అందమైన ఆకుల చెట్టుగానే చూసుకోండి. కాయ వచ్చిన ఏడాది అదృష్టం అనుకోవాలి.

ఫీజోవాది తిరగేసిన కథ. పూత వేసవి మొదట్లో వస్తుంది కాబట్టి వసంతపు మంచు బెడద లేదు, కానీ కాయ పండేసరికి శరత్తు చివరికి వచ్చేస్తుంది. తొలి మంచు త్వరగా పడే చోట కాయలు చెట్టు మీదే గడ్డకట్టి పాడవుతాయి. త్వరగా పండే రకం దొరికితేనే పెట్టండి. కాయ రాకపోయినా దాని పూరేకులు తియ్యగా, మందంగా ఉంటాయి, తినొచ్చు. మధ్యలోని ఎర్రటి కేసరాలు కదలకుండా రేకులు మాత్రం తుంచుకుంటే పిందె కట్టడానికి అడ్డు ఉండదు.

చిల్ అవర్స్ లెక్క వీటికి కూడా చూడాలా?

చెట్టు శీతాకాలపు నిద్ర ముగించడానికి కావాల్సిన చలి లెక్క అది, సుమారు సున్నాకూ 7 డిగ్రీలకూ మధ్య గడిచిన గంటలు. అంజూరకు 100 గంటలు, దానిమ్మకు 100 నుంచి 200, పాపాకు 400 పైచిలుకు కావాలి. చలి ప్రాంతంలో ఇవి తేలిగ్గా పూర్తవుతాయి కాబట్టి చాలదేమో అన్న టెన్షన్ అక్కర్లేదు. భయమంతా త్వరగా పూర్తవడం గురించే. తక్కువ గంటలతో సరిపెట్టుకునే చెట్టు శీతాకాలం సగంలోనే నిద్ర చాలించి, నాలుగు వెచ్చని రోజులు రాగానే చిగురిస్తుంది. ఆ చిగురు వెనకాలే మళ్లీ ఫ్రాస్ట్ (గడ్డకట్టించే మంచు) వస్తుంది.

పాపా చెట్టు ఒక్కటి సరిపోతుందా?

సరిపోదు. దాదాపు అన్ని పాపాలకూ తమ పుప్పొడి తమకు పనికిరాదు. అంటు మొక్కలైతే రెండు వేర్వేరు రకాలు కావాలి, ఒకే రకం నాలుగు పెట్టినా అవి లెక్కకు ఒక్క చెట్టే. గింజ మొక్కలైతే ఏ రెండైనా చాలు.

రెండు చెట్లున్నా కాయలు రాలేదంటే పురుగుల లోటు. ముదురు మెరూన్ రంగులో, కొద్దిగా నీచు వాసనతో తలకిందులుగా వేలాడే ఈ పువ్వుల వైపు తేనెటీగలు పెద్దగా చూడవు, ఈగలు, చిన్న పెంకు పురుగులు వస్తాయి. ఆ పని మీరే చేయొచ్చు. పువ్వు రంగు ఆకుపచ్చ నుంచి మెరూన్‌కు తిరుగుతున్నప్పుడు లోపలికి చూస్తే మధ్యలో కీలాగ్రాలు ఆకుపచ్చగా, తడి మెరుపుతో కనిపిస్తాయి. అప్పుడది ఆడదశ. కొన్ని రోజులకు చుట్టూ ఉన్న కేసరాల ముద్ద గోధుమరంగుకు మారి వదులవుతుంది, వేలితో తడితే పొడి రాలుతుంది. అది మగదశ. ఒక చెట్టు మీది మగదశ పువ్వును చిన్న గిన్నెలో దులిపి, మెత్తటి బ్రష్‌తో ఇంకో చెట్టు మీది ఆడదశ పువ్వుకు అద్దాలి. ఒక్కో పువ్వులో అండాశయాలు చాలా ఉంటాయి కాబట్టి ఒకే కాడకు గుత్తిగా కాయలు పడతాయి. మరీ ఎక్కువైతే కొమ్మ విరుగుతుంది, కొన్ని తీసేయండి.

పండు మెత్తబడ్డాక గది వేడిలో రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఇది అంగళ్లలో కనిపించకపోవడానికి అదే కారణం. తొక్క, గింజలు తినకూడదు. కెంటకీ స్టేట్ యూనివర్సిటీ చాలా ఏళ్లుగా దీని మీద పనిచేస్తోంది. వాళ్లు విడుదల చేసిన అట్‌వుడ్, బెన్సన్, చాపెల్ రకాలు దొరికితే గింజ మొక్కల జోలికి పోనక్కర్లేదు.

పర్సిమన్‌లో ఏ రకం మంచిది? నోరంతా వగరు పట్టేసిందని కొందరంటారు.

వగరు రకాన్ని పచ్చిగా తిన్నారన్నమాట. ఫూయు, జీరో లాంటివి గట్టిగా ఉన్నప్పుడే ఆపిల్‌లా కొరికి తినొచ్చు. హచియా లాంటివి పూర్తిగా మెత్తబడి, తొక్క లోపల జెల్లీలా కదిలేదాకా ఆగాలి. వగరుకు కారణం నీటిలో కరిగే టానిన్. పండు మెత్తబడేకొద్దీ అది కరగని రూపంలోకి మారి నాలుకకు తగలడం మానేస్తుంది. తొందరుంటే ఒక ఆపిల్‌తో కలిపి కవర్లో మూసి పెట్టండి, దాన్నుంచి వచ్చే ఇథిలీన్ పని త్వరగా ముగిస్తుంది. మంచు తగిలితేనే పర్సిమన్ తియ్యబడుతుందని చాలామంది నమ్ముతారు. మంచు పడకముందే పండి రాలే రకాలున్నాయి, కాబట్టి అది నియమమేమీ కాదు.

చలి సంగతికొస్తే, వగరు లేని ఆసియా రకాలు సాధారణంగా మిగతావాటికన్నా సుకుమారం, పండడానికి ఎండ కూడా ఎక్కువ కావాలి. మైనస్ 15 అప్పుడప్పుడు దాటే చోట సంకర రకాలు మేలు. రోసెయాంకా, నికిటాస్ గిఫ్ట్ రెండూ క్రిమియాలో 1812లో మొదలైన నికిట్‌స్కీ బొటానికల్ గార్డెన్ నుంచి వచ్చినవి. అమెరికా చెట్టు ఓర్పు, ఆసియా పండు సైజు రెంటినీ కలపాలని చేసిన ప్రయత్నం అది, చాలావరకు ఫలించింది కూడా. ఇంకా చలి చోట్ల నేరుగా అమెరికా పర్సిమనే దిక్కు. అందులో ఆడ, మగ చెట్లు వేరుగా ఉంటాయి. పైగా 60 క్రోమోజోములవి, 90 క్రోమోజోములవి అని రెండు తెగలు, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి సరిగ్గా కుదరదు. మీడర్ లాంటి రకానికి మగచెట్టు లేకపోయినా కాయ వస్తుంది. చోటు తక్కువైతే దాన్నే ఎంచుకోండి.

అంజూర ప్రతి శీతాకాలం నేలమట్టం అవుతోంది. మళ్లీ చిగురిస్తుంది కానీ పండదు.

అంజూర రెండు కాపులు ఇస్తుంది. నిరుటి కొమ్మ మీద వసంతంలో మొదలై నడి వేసవికి పండేది మొదటి కాపు. ఈ ఏటి కొత్త కొమ్మ మీద వచ్చి శరత్తులో పండేది రెండోది. కొమ్మలన్నీ చచ్చాయంటే మొదటి కాపు పోయినట్టే. వేరు నుంచి లేచిన కొమ్మ రెండో కాపు కాస్తుంది కానీ, వేసవి పొట్టిదైతే ఆ కాయలు పండేలోపే చలి వచ్చేస్తుంది.

దీనికి రెండు దారులు. కొమ్మల్ని కాపాడుకోవడం ఒకటి: ఆకు రాలాక కొమ్మల్ని కట్టలుగా కట్టి, వంగేవాటిని నేలకు వంచి, గడ్డి, ఎండుటాకులు, మట్టి కప్పాలి. లేదా చుట్టూ వలకంచె పెట్టి లోపల ఎండుటాకులు దట్టించాలి. పైన వాన నీరు దిగకుండా మూత వేయడం మర్చిపోతే కొమ్మలు చలికి కాదు, కుళ్లి చస్తాయి. రెండో దారి, కొత్త కొమ్మ మీద త్వరగా పండే చికాగో హార్డీ లాంటి రకం పెట్టడం. వేసవి చల్లగా ఉండే చోట్ల శరత్తు చివర బఠాణీ గింజ కన్నా పెద్దవైన పచ్చి కాయలన్నీ తుంచేయండి. అవి ఎలాగూ పండవు. కొమ్మ చివర బఠాణీ గింజంత, అంతకన్నా చిన్నగా ఉన్నవే చలిని దాటి వచ్చే ఏడు పండేవి.

కందిరీగ లేకపోతే అంజూర కాయదని విని కొందరు భయపడతారు. అది స్మిర్నా తరహా రకాలకే. పెరటి రకాలు దాదాపు అన్నీ పరాగ సంపర్కం లేకుండానే కాస్తాయి.

నిమ్మ, నారింజ సాధ్యమేనా?

నిమ్మ మైనస్ 3 దగ్గరే దెబ్బతింటుంది. సత్సుమా నారింజ, కుమ్‌క్వాట్ మైనస్ 8 వరకు, జపాన్‌లో ఇష్టంగా వాడే యూజు మైనస్ 9, 10 వరకు వస్తాయి. ఈ కుటుంబంలో అసలు మొండిది ముళ్ల నారింజ, పాన్‌సైరస్. ఆకు రాల్చి మైనస్ 20ని కూడా దాటేస్తుంది. పండు మాత్రం చేదు, జిగురు, నిండా గింజలు.

ఆ మొండితనాన్ని తియ్యని పండులోకి తేవాలన్న ఆశ పాతదే. 1894 డిసెంబరులో, మళ్లీ 1895 ఫిబ్రవరిలో పడ్డ చలికి ఫ్లోరిడా నారింజ తోటలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత 1897లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త వాల్టర్ స్వింగిల్ ముళ్ల నారింజను తియ్య నారింజతో సంకరం చేయడం మొదలుపెట్టాడు. అలా వచ్చినవి సిట్రేంజ్‌లు. చలికి గట్టివే, రుచిలో ఆ చేదు పూర్తిగా పోలేదు. తినే పండుగా కన్నా వేరుమూలంగా (అంటు కట్టేటప్పుడు కింద వేర్లిచ్చే మొక్కగా) అవి లోకానికి ఎక్కువ ఉపయోగపడ్డాయి. ముళ్ల నారింజ వేరుమూలం మీద కట్టిన సత్సుమా, చలి రాగానే పెరుగుదల ఆపేసి ఒకటి రెండు డిగ్రీలు అదనంగా ఓర్చుకుంటుంది. చలి ప్రాంతంలో వేరుమూలం ఏమిటో చెప్పలేని నర్సరీలో నారింజ మొక్క కొనకండి.

ఇరవయ్యో శతాబ్దంలో సోవియట్ యూనియన్‌లో మీటరు, అంతకన్నా లోతు కందకాలు తవ్వి, నిమ్మ చెట్లను పొట్టిగా కత్తిరిస్తూ వాటిలో పెంచారు. శీతాకాలం పైన మూతలు వేసేవారు. చెట్టును మార్చలేనప్పుడు నేల వెచ్చదనాన్ని వాడుకోవడం అన్నమాట. కందకంలోకి నీరు దిగని చోటైతే ఇప్పటికీ చేయదగ్గ పనే.

దానిమ్మ పూస్తుంది, కాయ నిలవదు.

వేసవి వేడి చాలలేదు. గొట్టంలా, అడుగు ఉబ్బెత్తుగా ఉన్న పువ్వే కాయ అవుతుంది. గంటలా అడుగు సన్నగా ఉన్నవి మగవి, రాలిపోతాయి. ఉన్నవాటిలో బాగా ఎండ తగిలే గోడ చూసి అక్కడ పెట్టండి, అది కూడా లేకపోతే దానిమ్మ ఆశ వదులుకోవడమే మంచిది. చలి బాధైతే సలవట్‌స్కీ, కజాకె లాంటి రకాలు మామూలువాటికన్నా గట్టివి.

జుజుబి గురించి ఇంత తక్కువ మాట్లాడుకుంటారెందుకు?

నాకూ అర్థం కాదు. ఆలస్యంగా చిగురిస్తుంది కాబట్టి వసంతపు మంచు దీన్నేమీ చేయదు, నీరు తక్కువైనా తట్టుకుంటుంది, పురుగుల బెడద తక్కువ. మండే వేసవి ఒక్కటే దీని డిమాండ్. వేసవి వేడిగా ఉండి, శీతాకాలం కఠినంగా ఉండే చోట ఒక్క చెట్టే పెట్టాలంటే నేను దీన్నే పెడతాను. లీ రకం పచ్చిగా కరకరలాడుతూ బాగుంటుంది, లాంగ్ ఎండబెట్టుకోవడానికి. వేర్ల నుంచి లేచే ముళ్ల పిలకల్ని ఎప్పటికప్పుడు తీసేయాలి, అవి వేరుమూలానివి.

హార్డీ కివి?

చెట్టు కాదు, తీగ. ద్రాక్షంత కాయ, నూగు లేని తొక్క, అలాగే నోట్లో వేసుకోవచ్చు. నిద్రలో మైనస్ 25 దాటినా ఏం కాదు, కానీ వసంతంలో లేత చిగురు ఒక్క ఫ్రాస్ట్‌కే నల్లబడుతుంది. ఆడ, మగ తీగలు వేరు, ఆరేడు ఆడ తీగలకు ఒక మగ తీగ చాలు. పందిరి గట్టిగా వేయండి, చాలా బరువెక్కుతుంది.

చలికి తట్టుకునే అరటి అని అమ్ముతున్నారు, కొనొచ్చా?

అది మూసా బాస్జూ. దుంప మీద మందంగా మల్చింగ్ (ఎండుటాకులు, గడ్డి పరుపు) వేస్తే మైనస్ 15, 20 చలి తర్వాత కూడా మళ్లీ మొలుస్తుంది. ఆకుల అందం కోసం కొనండి. గెల వేసినా ఆ కాయలు తినడానికి పనికిరావు.

తోటలో ఎక్కడ నాటాలి?

చల్లగాలి నీళ్లలాంటిది, పల్లానికి పారి, అడ్డు తగిలిన చోట నిలుస్తుంది. వాలు అడుగున, మూసి ఉన్న కంచె వెనక, గుంటల్లో నాటితే పదడుగుల పైన ఉన్న చెట్టు కన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చలి తింటుంది. ఫ్రాస్ట్ పడ్డ ఉదయం సూర్యుడు రాకముందే తోటంతా ఒకసారి నడిచి చూడండి. గడ్డి తెల్లబడ్డ చోటు ఏది, పచ్చగా మిగిలిన చోటు ఏది అని అడుగు అడుగునా తేడా కనిపిస్తుంది. ఏ మ్యాప్ కూడా ఇంత వివరంగా చెప్పదు.

ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు చూసే గోడ (దక్షిణార్ధంలో ఉత్తరం వైపు) పగలు ఎండను దాచుకుని రాత్రి వదులుతుంది. ఫ్రాన్స్‌లోని మోంత్రేలో 17వ శతాబ్దం నుంచి పీచ్ చెట్లను ఇలాగే గోడలకు పాకించి పెంచారు. అంజూర, దానిమ్మ, సత్సుమాలకు ఆ చోటు ఇవ్వండి. తొందరపడి పూసే చెట్లకు మాత్రం ఆ గోడ శత్రువు, ముందే నిద్ర లేపేస్తుంది. వాటిని కాస్త ఆలస్యంగా వెచ్చబడే చోట పెట్టాలి.

శీతాకాలం వేర్ల దగ్గర నీరు నిలిస్తే, తట్టుకోగల చలికి కూడా చెట్టు చస్తుంది. బంకమట్టి అయితే గుంట తీయడం కన్నా అడుగు ఎత్తున మట్టి దిబ్బ పోసి దాని మీద నాటండి.

ఎప్పుడు నాటాలి? ఎరువు సంగతేమిటి?

చలికి గట్టివైన ఆపిల్ లాంటివాటిని శరత్తులో నాటినా ఫరవాలేదు. ఇక్కడ చెప్పుకుంటున్నవన్నీ వసంతంలో, చివరి ఫ్రాస్ట్ భయం పోయాక నాటడం మేలు, మొదటి చలికాలానికి ముందు ఒక పూర్తి వేసవి దొరుకుతుంది. పాపా తల్లివేరు తెగితే మళ్లీ కోలుకోవడం కష్టం కాబట్టి లోతైన కుండీలో పెరిగిన చిన్న మొక్కే కొనండి. గింజ మొక్కలకు మొదటి ఒకటి రెండేళ్లు నీడ కూడా కావాలి.

నత్రజని ఎరువు నడి వేసవికి ఆపేయాలి. ఆలస్యంగా వేస్తే శరత్తులో లేత కొమ్మలు వస్తాయి, అవే ముందు మాడతాయి. శరత్తు కత్తిరింపు కూడా ఇదే కారణంతో వద్దు.

రేపు రాత్రి గట్టి ఫ్రాస్ట్ అంటున్నారు. ఇప్పుడేం చేయాలి?

నేల పొడిగా ఉంటే మధ్యాహ్నం తడపండి. తడి నేల పగటి వేడిని ఎక్కువ దాచుకుంటుంది. సూర్యుడు దిగకముందే చెట్టు మీద దుప్పటో, తోటల్లో వాడే తెల్లటి ఫ్లీస్ గుడ్డో కప్పి, అంచులు నేల దాకా దింపి బరువులు పెట్టండి. వెచ్చదనం వచ్చేది నేల నుంచి కాబట్టి, గొడుగులా పైనే కప్పి కాండం దగ్గర ముడి వేస్తే ఉపయోగం లేదు. ఫ్లీస్ రెండు మూడు డిగ్రీలు కాపాడుతుంది. ప్లాస్టిక్ ఆకుకు తగిలిన చోట ఆకు మాడుతుంది, వాడాల్సి వస్తే కర్రల మీద నిలబెట్టండి. పాతకాలపు ఫిలమెంట్ బల్బుల దండ లోపల పెడితే ఇంకొంచెం వెచ్చదనం. ఎల్‌ఈడీలు వేడి ఇవ్వవు. తెల్లారి ఎండ రాగానే కప్పు తీసేయాలి.

పెద్ద తోటల్లో రాత్రంతా స్ప్రింక్లర్లతో నీళ్లు చల్లుతారు. నీరు గడ్డకట్టేటప్పుడు కిలోకు 334 కిలోజౌళ్ల వేడి వదులుతుంది, దాంతో మొగ్గ సున్నా దగ్గరే ఆగుతుంది. ఒకసారి మొదలుపెడితే మంచు కరిగేదాకా ఆపకూడదు. మధ్యలో ఆపితే అసలు చల్లకపోయిన దానికన్నా ఎక్కువ నష్టం. పెరట్లో దీని జోలికి పోవద్దు.

కుండీలో పెంచితే సులువు కదా?

లోపలికి జరపగలిగితేనే. కొమ్మలకున్న ఓర్పు వేర్లకు ఉండదు. నేలలో మట్టి కాపాడే వేర్లు కుండీలో నాలుగు వైపులా చలికి బయటపడతాయి. అంజూర, దానిమ్మ లాంటి ఆకురాల్చే చెట్లను ఆకు పడిపోయాక సున్నా నుంచి 7 డిగ్రీల మధ్య ఉండే చీకటి గ్యారేజీలో పెట్టొచ్చు, వెలుతురు అక్కర్లేదు. మట్టి పూర్తిగా ఎండకుండా కొన్ని వారాలకోసారి కాసిని నీళ్లు చాలు. నిమ్మ జాతికి మాత్రం వెలుతురు కావాలి. కిటికీ దగ్గర ఆకుల మీద ఎండ పడుతూ, కుండీ చల్లటి గచ్చు మీద ఉంటే ఆకులన్నీ రాలుతాయి: పైన ఆకు నీళ్లడుగుతుంది, కింద చల్లబడ్డ వేరు ఇవ్వలేదు. కుండీ కింద చెక్క పెట్టి గచ్చుకు ఎత్తుగా ఉంచండి.

గింజ వేసి పెంచొచ్చా?

ఓపిక ఉంటే. పాపా గింజ ఎండితే చచ్చిపోతుంది. తడి నాచులోనో ఇసుకలోనో ఫ్రిజ్‌లో మూడు నెలలకు పైగా ఉంచాకే మొలుస్తుంది. అంటు మొక్క మూడు నాలుగేళ్లకు కాస్తే గింజ మొక్క అయిదు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది, కాయ ఎలా ఉంటుందో ముందే చెప్పలేం. అంజూర, దానిమ్మలకు ఈ గోలే లేదు, కొమ్మ నాటితే వేరు పడుతుంది. పైగా సొంత వేరు మీద ఉన్న చెట్టు నేలమట్టమైనా అదే రకం మళ్లీ లేస్తుంది.

వేరే దేశం నుంచి మొక్కలో, అంటు కొమ్మలో తెచ్చుకోవచ్చా?

క్వారంటైన్ నియమాలు చూడకుండా తేవద్దు, ముఖ్యంగా నిమ్మ జాతివి. గ్రీనింగ్ తెగులు సోకిన కొమ్మ పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, దానికి మందు లేదు. మీ ప్రాంతంలో అడవుల్లోకి పాకిపోయే మొక్కల జాబితా కూడా చూడండి. ముళ్ల నారింజ, హార్డీ కివి కొన్ని చోట్ల ఆ జాబితాలోకి ఎక్కాయి.

శీతాకాలం తర్వాత చెట్టు ఎండిపోయినట్టుంది. నరికేయాలా?

ఆగండి. వేలిగోరుతో బెరడును సన్నగా గీరి చూడండి. కింద తడిగా ఆకుపచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది, గోధుమరంగులో పొడిగా ఉంటే పోయింది. కొమ్మ చివర నుంచి కిందికి గీరుతూ వస్తే పచ్చదనం ఎక్కడ మొదలైందో దొరుకుతుంది. అయినా కత్తెర అప్పుడే పట్టొద్దు. కొన్ని కొమ్మలు ఆకుపచ్చగా ఉండి కూడా తర్వాత ఎండుతాయి, కొన్ని నడి వేసవిలో చిగురిస్తాయి. జుజుబి, పర్సిమన్ మామూలుగానే ఆలస్యం. చిగురు స్పష్టంగా కనిపించాక ఎండిన భాగం తీసేయండి.

శీతాకాలపు ఎండ పడే వైపు బోదె మీద నిలువు పగుళ్లు కనిపిస్తే అది పగటి ఎండ, రాత్రి చలి కలిసి చేసిన దెబ్బ. వచ్చే శరత్తులో నీళ్లతో కలిపే తెల్ల రంగును సగానికి సగం పలచన చేసి బోదెకు పూయండి.

అంటు మొక్క అయితే చిగురు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. అంటు గుర్తుకు పైనుంచి వస్తే మీ రకమే. కిందినుంచి వస్తే వేరుమూలం. నారింజలో ఇది తేలిగ్గా తెలుస్తుంది: మామూలు ఆకు ఒక్కటిగా ఉంటుంది, ముళ్ల నారింజది మూడు రెక్కలుగా చీలి ఉంటుంది. మూడు రెక్కల ఆకులు మాత్రమే మిగిలితే పైన పెట్టిన రకం పోయినట్టే, కానీ కింద గట్టి వేరు ఉంది. ఏడాది పెరగనిచ్చి దాని మీదే కొత్త అంటు కట్టుకోవచ్చు. అలా కట్టాక, శరత్తులో అంటు గుర్తు మునిగేదాకా మట్టి ఎగదోయండి, వసంతంలో తీసేయండి. పై కొమ్మలు పోయినా ఆ మట్టి కింద జానెడు కాండం మిగులుతుంది, చెట్టు మళ్లీ లేవడానికి అది చాలు.